థైరాయిడ్ రక్తపరీక్ష కాగితమును చదువుట ఎట్లు?

లెక్కలు మన వర్తక కుటుంబములకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. చిట్టాకును ఆవర్జాకును రూపాయి తేడా వచ్చిన, అది ఎక్కడ జరిగినదో పట్టుకొనువరకు మనకు నిద్రపట్టదు. అట్టి మనమే థైరాయిడ్ రక్తపరీక్ష కాగితము చేతికి వచ్చినప్పుడు నల్లగా అచ్చైన అంకె నొక్కదానిని చూచి బెదరుటయో, అంకెలన్నియు హద్దులో నున్నవని మాత్ర మానివేయుటయో చేయుచున్నాము. ఈ రెండును ఇంటి స్త్రీల ఆరోగ్యమునకు, ఒక్కొక్కప్పుడు పుట్టబోవు శిశువునకును, నష్టము తెచ్చునవి.

నేను వైద్యుడను కాను. హైస్కూలు చదువుతో దుకాణములో కూర్చున్నవాడను. మా యింట ఇద్దరు స్త్రీలకు ఈ వ్యాధి యుండుటచే పదునాలుగేండ్లుగా పరీక్షలు చేయించుట, కాగితములు దాచుట, డాక్టరుగారి నడిగి సంగతి తెలిసికొనుట నా వంతైనది. అట్లు తెలిసికొన్నదానిని మన వారి యుపయోగార్థము వ్రాయుచున్నాను. మాత్ర ఎంత వేసికొనవలెనో చెప్పుట డాక్టరు పని. కాగితములో ఏ అంకె ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట మన పని.

మెడ ముందుభాగమున, శ్వాసనాళమునకు ఇరుప్రక్కల, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు అంటియుండు గ్రంథి థైరాయిడ్. పాఠ్యపుస్తకములలో దీనిని అవటు గ్రంథి యందురు. పెద్దవారిలో దీని తూకము సుమారు 20 గ్రాములు. పాత లెక్కలో రెండు తులములకు లోపే. ఆహారములో వచ్చు అయోడిన్‌ను పట్టి ఇది రెండు హార్మోనులను తయారుచేయును. నాలుగు అయోడిన్ పరమాణువులు గలది టి4, మూడు గలది టి3. గ్రంథినుండి వెలువడునది చాలవరకు టి4. అది కాలేయము, మూత్రపిండములు మొదలగు చోట్ల ఒక అయోడిన్‌ను వదలి టి3గా మారి పనిచేయును. గుండె కొట్టుకొను వేగము, ఒంటి వేడిమి, ప్రేవుల కదలిక, చర్మము, వెండ్రుకలు, స్త్రీల నెలసరి, కడుపులోని శిశువు మెదడు ఎదుగుదల - ఇవన్నియు దీనిపై నాధారపడి యున్నవి. ఇది తక్కువైన అలసట, మలబద్ధకము, చలి కోర్వలేకపోవుట, ఒళ్లు పెరుగుట, జుట్టు రాలుట, నెలసరిలో అధిక రక్తస్రావము, కొలెస్టరాల్ పెరుగుట కనబడును. ఈ లక్షణములు వేరు కారణములవలనను వచ్చును గనుక రక్తపరీక్ష లేనిదే రూఢి కాదు.

కాగితములో మొట్టమొదట నుండునది టి.ఎస్.హెచ్. చాలమంది దీనిని థైరాయిడ్ హార్మోనే యనుకొందురు. మెదడు క్రింద శనగగింజంత పీయూషగ్రంథి కలదు. దానిని యజమాని కూర్చుండు గద్దె యనుకొనుడు. థైరాయిడ్ సరుకు చేయు కార్ఖానా. గద్దెమీదనుండి కార్ఖానాకు పోవు ఆర్డరు చీటియే టి.ఎస్.హెచ్. బజారులో సరుకు తగ్గినదని తెలియగానే యజమాని చీటీమీద చీటీ పంపును. సరుకు పొర్లిపోవుచున్నచో చీటీలు నిలిపివేయును. కావున టి.ఎస్.హెచ్. పెరిగినదనగా కార్ఖానా మందగించినదని యర్థము. మిక్కిలి తగ్గినదనగా సరుకు మితిమీరినదని యర్థము. మా వదినగారు తన మొదటి కాగితములో 18 అను అంకె చూచి, "థైరాయిడ్ ఇంత ఎక్కువైపోయిందే, తగ్గడానికి మందు ఇమ్మనండి" అనిరి. ఆమెకు నిజముగా హార్మోను చాలక కార్ఖానాకు చీటీలు కుప్పపడినవి. ఆమెకు కావలసినది పెంచు మందు. ఈ యొక్క తలక్రిందు లెక్క అర్థమైనచో కాగితములో సగము అర్థమైనట్లే.

ఈ చీటీల లెక్కలో మరియొక విశేష మున్నది. రక్తములో టి4 రెండింతల తేడా వచ్చిన, టి.ఎస్.హెచ్. సుమారు నూరింతల తేడా చూపగలదు. అందుచేతనే డాక్టర్లు మొదట దీనిని చూతురు. టి4 ఇంకను హద్దులో నుండగనే ఇది హెచ్చరించును. అందుచేతనే 9 ఉన్నవారికంటె 18 ఉన్నవారికి జబ్బు రెండింతలని లెక్కకట్టరాదు.

పెద్దవారికి టి.ఎస్.హెచ్. సుమారు 0.4 మొదలు 4.0 లేక 4.5 వరకు ఉండవచ్చునని కాగితముల ప్రక్కన అచ్చువేయుదురు. ఆ హద్దు ఎట్లు వచ్చినది? ఆరోగ్యవంతులైన వారిని అనేకులను పరీక్షించి, నూటికి 95 మంది అంకెలు ఏ నడుమ నుండునో అదియే హద్దుగా గీయుదురు. అనగా ఏ జబ్బును లేని నూరుగురిలో ఐదుగురు హద్దు వెలుపల నుందురు. 4.9 అంకెను నల్లగా అచ్చువేయుట యంత్రముయొక్క అలవాటు. దానిని చూచి ఆ రాత్రియే బంధువులందరికి ఫోను చేయ నక్కరలేదు. మిగిలిన లక్షణములు లేనిచో డాక్టర్లు రెండు మూడు నెలల పిమ్మట మరల పరీక్ష చేయింతురు. అట్లు చేయించినప్పుడు ఎందరికో దానంతటదియే హద్దులోనికి వచ్చును.

రెండవది టి4. కాగితములో "టోటల్" అనియు "ఫ్రీ" అనియు రెండు విధములుగా నుండును. రక్తములోని టి4లో 99.9 పాళ్లకు పైగా మాంసకృత్తులకు అంటుకొని తిరుగుచుండును. అది గోదాములో తాళము వేసిన సరుకు. విడిగా నుండు అతిస్వల్ప భాగమే శరీరమునకు అప్పటికప్పుడు చెల్లు రొక్కము. గర్భిణులలోను, గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలలోను గోదాము పెద్దదగును. అందుచే టోటల్ అంకె పెరుగును, రొక్కము మాత్రము అంతే యుండవచ్చును. కాబట్టి ఫ్రీ టి4 చేయించుటయే మంచిది. ఇది డెసిలీటరుకు సుమారు 0.8 మొదలు 1.8 నానోగ్రాములు. కొన్ని పరీక్షాశాలలు దీనిని పికోమోల్ అను వేరు కొలతలో వ్రాయుదురు. అక్కడ 1.2 అనునది 15 పైచిలుకుగా కనబడును. ఇది తెలియక, ఊరు మారి పరీక్ష చేయించుకొని "ఒక్క నెలలో పదమూడింత లయినది" అని కంగారుపడిన వారిని నేనెరుగుదును. మణుగులలో నున్న తూకమును కిలోలలో నున్న తూకముతో పోల్చుట వంటిది. అంకె ప్రక్క కొలతను చూడక అంకెను చదువరాదు. వీలైనంతవరకు ఒకే పరీక్షాశాలలో చేయించుట ఉత్తమము.

వేళకూడ ముఖ్యము. టి.ఎస్.హెచ్. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట హెచ్చుగను, మధ్యాహ్నము తక్కువగను ఉండును. ఒకసారి ఉదయము, ఒకసారి సాయంత్రము రక్తమిచ్చి రెంటిని పోల్చుట తగదు. మాత్ర వాడువారు ఆనాడు రక్తమిచ్చిన తరువాతనే మాత్ర వేసికొనవలెను. లేనిచో ఫ్రీ టి4 కొన్ని గంటలపాటు హెచ్చుగా కనబడును. జుట్టు కొరకును గోళ్ల కొరకును అమ్ము బిళ్లలలో బయోటిన్ అను విటమిను అధికముగా నుండును. అది కొన్ని యంత్రములను తప్పుదారి పట్టించి, లేని జబ్బును కాగితముపై చూపును. పరీక్షకు రెండు దినములు ముందుగనే దానిని ఆపవలెను. ఆసుపత్రిలో పెద్ద జబ్బుతో పడియున్నవారి అంకెలుకూడ నమ్మదగినవి కావు. మన వారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన దొకటి: దీర్ఘోపవాసములో శరీరము పొదుపు చేయుటకై టి3ని తగ్గించుకొనును. అది గ్రంథి జబ్బు కాదు. కావున అఠాయి నడుచుచుండగా గాని, పారణ జరిగిన వారములో గాని ఈ పరీక్ష చేయించుట వ్యర్థము. మామూలు భోజనముతో మూడు నాలుగు వారములు గడచిన పిదప చేయించవలెను.

ఇప్పుడు రెండంకెలను కలిపి చదువుదము. టి.ఎస్.హెచ్. హెచ్చు, ఫ్రీ టి4 తక్కువ: కార్ఖానా నిజముగా దెబ్బతిన్నది, మాత్ర కావలెను. టి.ఎస్.హెచ్. కొంచెము హెచ్చు, ఫ్రీ టి4 సరిగనే యున్నది: కార్ఖానా ఒత్తిడిమీద నడచుచున్నది. టి.ఎస్.హెచ్. 10 దాటినచో చాలవరకు డాక్టర్లు మాత్ర నిత్తురు. అంతకు లోపైన వయస్సు, లక్షణములు, గర్భము, ప్రతిరక్షకముల సంగతి చూచి నిర్ణయింతురు. టి.ఎస్.హెచ్. దాదాపు శూన్యము, టి4 హెచ్చు: సరుకు పొర్లుచున్నది. రెండును తక్కువగా నున్నచో గద్దెమీది యజమానియే, అనగా పీయూషగ్రంథియే, జబ్బుపడి యుండవచ్చును. ఇది అరుదు. ఐనను టి.ఎస్.హెచ్. ఒక్కటే చూచి "అంతా బాగున్న"దనుట ఇట్టివారి విషయములో ప్రమాదము. అప్పుడప్పుడు చీటీల సంఖ్య మామూలుగనే కనబడి లోపలి సంగతి కప్పిపుచ్చును.

కాగితములో అందరిని హడలగొట్టు అంకె మూడవది: యాంటీ టి.పి.ఓ. థైరాయిడ్ కార్ఖానాలో అయోడిన్‌ను అతుకు యంత్రము వంటి పదార్థము పేరు టి.పి.ఓ. మన శరీరములో రోగక్రిములను పట్టుకొను కాపలా సైన్య మొకటి కలదు. ఒక్కొక్కరిలో ఆ కాపలావారు సొంత కార్ఖానానే పరుల సొత్తని భ్రమించి దానిమీద పడుదురు. తెల్లకణములు గ్రంథిలో చొరబడి దానిని ఏండ్ల తరబడి మెల్లమెల్లగా పాడుచేయును. ఆ తగవునకు రక్తములో దొరకు గుర్తే ఈ ప్రతిరక్షకములు. దీనినే స్వయంప్రతిరక్షక వ్యాధి యందురు. ఇది అంటువ్యాధి కాదు. కుటుంబములలో పరంపరగా కొంత వచ్చును. పురుషులకంటె స్త్రీలకు అనేకరెట్లు హెచ్చు.

ఈ వ్యాధిని మొదట వర్ణించినవాడు జపానుదేశపు శస్త్రవైద్యుడు హకారు హషిమోతో. క్యూషూలో పనిచేయుచు నలుగురు స్త్రీల గొంతునుండి తీసిన గ్రంథులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వానినిండ తెల్లకణములు గుంపులుగా నుండుట చూచి, 1912లో జర్మను భాషలో ప్రకటించెను. పిదప సొంత ఊరికి పోయి సామాన్య వైద్యుడుగా నుండి 1934లో సన్నిపాతజ్వరముతో మరణించెను. ఆయన పేరు లోకమంతట వ్యాపించినది ఆ తరువాతనే. సొంత శరీరమే శత్రువగునను సంగతి 1956లో తేలెను. ఆ యేట లండనులో రాయిట్, డోనియక్ మొదలగువారు రోగుల రక్తములో ఈ ప్రతిరక్షకములను కనుగొనిరి. అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ అనువారు కుందేళ్లపై చేసిన ప్రయోగములవలన అదే విషయము రుజువు చేసిరి. మన మనస్సునకు కష్టమైనను జరిగినది చెప్పవలెను గదా.

ఇక్కడ ఒక సంగతి. మా దగ్గర బంధువుల అమ్మాయికి సంబంధము కుదిరిన రోజులలో, ఊరిలో నొక పరీక్షాశాలవారు తగ్గింపు ధరకు అనేక పరీక్షలు కట్టగట్టి చేయుచుండగా ఇంటిల్లిపాది చేయించుకొనిరి. ఆ అమ్మాయికి టి.ఎస్.హెచ్. 2.1, ఫ్రీ టి4 1.2, యాంటీ టి.పి.ఓ. మాత్రము 35 లోపు నుండవలసినది 412 వచ్చినది. కాగిత మిచ్చిన గుమాస్తా "థైరాయిడ్ పాజిటివ్ అండీ, ముందు ముందు పిల్లలు కలగడం కష్టం" అని చెప్పి పంపెను. రక్తము తీయువానికి జోస్యము చెప్పు అధికార మెవరిచ్చిరో! తల్లి ఆ కాగితమును చించివేయవలె ననినది. తండ్రి నాయొద్దకు తెచ్చెను. ఇద్దరము హార్మోను జబ్బుల నిపుణునియొద్దకు పోతిమి. ఆయన చెప్పినది సూటిగా నున్నది: "ఈ రోజు అమ్మాయి గ్రంథి బాగా పనిచేస్తున్నది. మందు అక్కరలేదు. ఏడాదికొకసారి టి.ఎస్.హెచ్. చేయించండి. గర్భం ధరించాలనుకున్నప్పుడు డాక్టరుకు ముందుగా చెప్పండి."

ఆ మాటకు వెనుక గట్టి లెక్క యున్నది. ఇంగ్లండులో విక్‌హామ్ అను ప్రాంతమున 1972లో మొదలుపెట్టి 2,779 మందిని పరీక్షించి, ఇరువదేండ్ల తరువాత మరల విచారించిరి. ప్రతిరక్షకములు మాత్రమే యుండి టి.ఎస్.హెచ్. సరిగా నున్న స్త్రీలలో ఏటేట నూటికి ఇద్దరు చొప్పున గ్రంథి మందగించినవారైరి. రెండును ఉన్నవారిలో ఏటేట నూటికి నలుగురు చొప్పున నైరి. మన దేశములో హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై మొదలగు ఎనిమిది నగరములలో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్కలో నూటికి సుమారు 22 మందికి ఈ ప్రతిరక్షకము లుండగా, హార్మోను కొరత నూటికి 11 మందికే యున్నది. అనగా ప్రతిరక్షకము లున్న ప్రతివారును రోగులు కారు. అది సరుకు పాడగు నవకాశమున్న గోదామని తెలుపు గుర్తు. పాడైన సరుకు లెక్క గాదు. ఆ అంకె 412 ఐనను 1,300 ఐనను చేయవలసిన పని యొకటియే. ఒకసారి ఉన్నదని తెలిసిన పిదప ఆరు నెలలకొకసారి దానినే మరల పరీక్షించుట దండుగ ఖర్చు.

అమ్మాయి తండ్రి కాగితమును తానే పిల్లవాని యింటికి తీసికొనిపోయి చూపెను. ఆ యింటి పెద్దాయన రెండు ప్రశ్న లడిగి మూడవది అడుగలేదు. వివాహము జరిగినది. దాచియుంచిన సంగతి తరువాత బయటపడిన, మాత్ర దాచి మింగవలసి వచ్చిన, ఆ పిల్ల గతి వేరుగా నుండెడిది. ఇది ఎందుకు చెప్పుచున్నానో గర్భిణుల విషయము వచ్చినప్పుడు తెలియును.

అయోడిన్ సంగతి ఇక్కడ చెప్పవలెను. ఉప్పులో అయోడిన్ లేక వచ్చు గొంతువాపు వేరు జబ్బు. మన శ్రీకాకుళములో 1921లో జన్మించిన డాక్టర్ వి. రామలింగస్వామిగారు 1956 మొదలు హిమాలయప్రాంతపు కాంగ్రా లోయలో పరిశోధించి, అయోడిన్ కలిపిన ఉప్పుతో ఆ వాపు తగ్గునని నిరూపించిరి. 1962లో దేశమున గాయిటర్ నివారణ కార్యక్రమము మొదలైనది. చేపలు, గ్రుడ్లు ముట్టని మన యిండ్లలో అయోడిన్ వచ్చునది ఉప్పునుండియు కొంత పాలనుండియు మాత్రమే. వ్రతదినములలో వాడు సైంధవలవణమునే కొందరు సంవత్సరము పొడుగున వాడుచున్నారు. అందు చాలినంత అయోడిన్ ఉండదు. నిత్యపు వంటకు అయోడిన్ ఉప్పే యుండవలెను. కాని హషిమోతో వ్యాధి యున్నవారు అదనముగా అయోడిన్ బిళ్లలు మింగుటవలన మేలు లేకపోగా గ్రంథి ఇంకను మందగించవచ్చును.

మాత్ర సంగతి. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అను డాక్టరు 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ రసము నెక్కించి బ్రతికించెను. ఆమె 74 ఏండ్లవరకు జీవించినది. అందుకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చినవి. తరువాత ఎండబెట్టిన పందిగ్రంథుల పొడి వాడిరి. 1914లో అమెరికాలో కెండాల్ అసలు హార్మోనును వేరుచేసెను. 1927లో ఇంగ్లండులో హారింగ్టన్, బార్జర్ దానిని రసాయనశాలలోనే తయారుచేసిరి. ఇప్పుడు మన మందుల దుకాణములలో లెవోథైరాక్సిన్ పేర దొరకునది రసాయనముగా తయారైనదే. అందులో జంతుగ్రంథి లేదు. ఆ శంకతో మాత్ర మానవలసిన పని లేదు. విదేశములనుండి "సహజ థైరాయిడ్" అను పేర తెప్పించుకొను బిళ్లలు మాత్రము పందిగ్రంథులవే. పేరు చూచి మోసపోవద్దు.

మాత్ర బలము మైక్రోగ్రాములలో నుండును: 25, 50, 75, 100 మొదలగునవి. గ్రంథి పూర్తిగా ఆగినవారికి కిలో బరువునకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావలెను; అరువది కిలోల మనిషికి నూటికి దగ్గర. మోతాదు మార్చిన ఆరు వారములకు గాని టి.ఎస్.హెచ్. కుదురుకొనదు. పది దినములకే పరీక్ష చేయించి "మందు పనిచేయలేదు" అనుట తొందరపాటు. అంకె హద్దులోనికి వచ్చినదని మానుట అంతకంటె పెద్ద పొరపాటు. ఆ అంకెను హద్దులో నుంచినది మాత్రయే. టి4 రక్తములో ఏడు దినములకు సగమగును. కావున మానిన మొదటి వారము ఏమియు తెలియదు. "చూచితివా, మానినను బాగుగనే యున్నాను" అందురు. నెల రెండు నెలలకు గాని తెలియదు.

పరగడుపున నీటితో వేసికొని అరగంట లేక గంట తరువాత కాఫీ, ఫలాహారము తీసికొనవలెను. కాల్షియము, ఇనుము బిళ్లలకు నాలుగు గంటల ఎడముండవలెను. ఇక్కడ మన నియమములతో చిక్కు వచ్చును. నవకారసీ పాటించువారు సూర్యోదయమైన 48 నిమిషములవరకు నీరు త్రాగరు. వారు నియమము పూర్తికాగానే కాచిన నీటితో మాత్ర వేసికొని, అటుతరువాత అరగంట ఆగి భుజించిన సరిపోవును. రోజు అదే వేళ యుండవలెను. కొందరు డాక్టర్లు రాత్రి పండుకొనుముందు వేసికొనుమందురు. చౌవిహార్ నియమము గలవారు అది తమకు కుదరదని ముందుగనే చెప్పవలెను. చెప్పిన, డాక్టరు ఉదయమునకే ఏర్పరచును. చెప్పక ఇంటికి వచ్చి మానివేయుటయే మన వారిలో ఎక్కువ.

ఒక్కనాటి చౌవిహార్ ఉపవాసములో మాత్ర తప్పినంత మాత్రమున ఉపద్రవము లేదు. ఏడు దినముల లెక్క పైన చెప్పితిని. కాని పర్యూషణపు ఎనిమిది దినములు గాని, దశలక్షణపు పది దినములు గాని వరుసగా మానినచో, గ్రంథి పూర్తిగా ఆగినవారి రక్తములో సగముకూడ మిగులదు. కాచిన నీరు పుచ్చుకొను తివిహార్ ఉపవాసములో నీటితో మాత్ర పుచ్చుకొనవచ్చునా యనునది గురుమహారాజుల నడుగవలసిన విషయము. ఎన్ని దినములు తప్పవచ్చునను నది డాక్టరు నడుగవలసిన విషయము. రెండు ప్రశ్నలును పచ్చక్ఖాణమునకు ముందే అడుగవలెను. గర్భిణులకును, గుండెజబ్బువారికిని ఈ వెసులుబాటు లేదు.

గర్భిణుల విషయము. కడుపులోని శిశువునకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు. అంతవరకును, ఆ తరువాత కొంతకాలమును, తల్లి హార్మోనుతోనే మెదడు ఎదుగవలెను. అందుచే మాత్ర వాడు స్త్రీకి గర్భము నిలిచిన మొదటి వారములలోనే నాల్గవవంతు మొదలు సగమువరకు మోతాదు పెరుగవలసి వచ్చును. మన యిండ్లలో జరుగునది దీనికి తలక్రిందు. "కడుపుతో ఉన్నప్పుడు మందులేమిటే, బిడ్డకు వేడి చేస్తుంది" అని అత్తగారో అమ్మగారో సీసా తీసి లోపల పెట్టుదురు. ప్రేమతో చేసినదైనను బిడ్డకు కీడే. ఇది బయటినుండి వచ్చిన విషపు మందు గాదు. ప్రతి తల్లి రక్తములోను ఉండవలసిన పదార్థమే. నెల తప్పినదని తెలిసిన దినముననే డాక్టరుకు ఫోను చేయవలెను, మాత్ర మానరాదు. సగము నెలలు నిండువరకు నాలుగు వారములకొక పరీక్ష, మాత్ర వాడువారికి టి.ఎస్.హెచ్. 2.5 లోపు ఉంచుట సాధారణ పద్ధతి. అత్తవారింట మాత్ర దాచి మింగు కోడలు ఈ పని చేయగలదా? ఆ అమ్మాయి తండ్రి కాగితము చూపి మంచిపని చేసెననుట ఇందుకే.

మొదటి నెలలలో టి.ఎస్.హెచ్. సహజముగనే కొంత తగ్గును. దానిని చూచి మాత్ర ఎక్కువైనదని సొంతముగా తగ్గించరాదు. ప్రతిరక్షకములు మాత్రమే యుండి గ్రంథి బాగుగా నున్న స్త్రీలకు ముందుజాగ్రత్తగా మాత్ర ఇచ్చిన గర్భము నిలుచునా యని ఇంగ్లండులో 952 మందిపై పరీక్షించి 2019లో ప్రకటించిరి. మాత్ర తీసికొన్నవారిలోను తీసికొననివారిలోను బిడ్డలు పుట్టిన లెక్క నూటికి 37 చొప్పున సమముగనే యున్నది. కావున ఊరక మాత్ర మ్రింగించుటయు పని గాదు. ప్రసవమైన తరువాత ఏడాదిలోపుగా ఇట్టివారిలో కొందరికి గ్రంథి మొదట పొంగి పిదప కుంగును. బాలింత నీరసపడి, ఊరకనే ఏడ్చుచు నుండిన "దిగులు పెట్టుకున్నది" అని వదలక ఒక టి.ఎస్.హెచ్. చేయించవలెను.

ముసలివారి లెక్క వేరు. వయస్సుతో టి.ఎస్.హెచ్. కొంత పెరుగుట సహజము. 65 దాటినవారిలో టి.ఎస్.హెచ్. మాత్రము కొంచెము పెరిగిన 737 మందిపై ఐరోపాలో మాత్రను పరీక్షించి చూచి, అలసట మొదలగునవి ఏమియు తగ్గలేదని 2017లో తేల్చిరి. డెబ్బదియైదేండ్ల తాతగారికి 5.8 వచ్చినదని మాత్రకై పట్టుబట్ట నక్కరలేదు. ఆ వయస్సులో మాత్ర మితిమీరిన గుండె లయ తప్పును, ఎముకలు గుల్లబారును.

ఇంతవరకు కుంగిన గ్రంథి సంగతి. పొంగిన గ్రంథికిని స్వయంప్రతిరక్షక కారణ మున్నది. దానిని డబ్లినులోని డాక్టరు గ్రేవ్స్ 1835లో వర్ణించెను. బాగుగా తినుచునే చిక్కిపోవుట, గుండెదడ, చేతివణకు, ఒక్కొక్కరికి కనుగ్రుడ్లు ముందుకు వచ్చుట దీని గుర్తులు. టి.ఎస్.హెచ్. అడుగంటి, టి3, టి4 హెచ్చును. దీనికి చూడవలసిన ప్రతిరక్షకము వేరు. కాగితములో ట్రాబ్ అని వ్రాయుదురు. వాడు మందు కార్బిమజోల్. ఇది థైరాక్సిన్ వలె వారముల తరబడి నిలుచునది కాదు. ఉపవాసములో సొంతముగా మానరాదు. ఈ మందు వాడువారికి జ్వరము, గొంతునొప్పి వచ్చిన, తెల్లకణములు పడిపోయి యుండవచ్చును. మందు ఆపి అదే దినమున డాక్టరుకు తెలిపి రక్తకణముల లెక్క తీయించవలెను.

మా యింట ఒక పాత ఖాతాపుస్తకములో ఒక్కొక్కరికి ఒక పేజీ యేర్పరచితిని. తేదీ, పరీక్షాశాల, రక్తమిచ్చిన వేళ, టి.ఎస్.హెచ్., ఫ్రీ టి4, నాటి మాత్ర బలము, మాత్ర కంపెనీ - ఇవి యేడు గళ్లు. డాక్టరుగారు ఆ పేజీని చూచి రెండు నిమిషములలో నిర్ణయించుచున్నారు. కంపెనీ గడి యెందుకనగా, ఒక కంపెనీ మాత్రకును మరియొక దానికిని శరీరమున ఇమిడెడు పాళ్లలో స్వల్పభేద ముండును. దుకాణములో అది లేదని వేరొకటి ఇచ్చినచో ఆరు వారముల పిదప ఒకసారి టి.ఎస్.హెచ్. చూపించుకొనవలెను. సీసాను వంటింటి పొయ్యి దగ్గర గాని, ఎండ తగులు కిటికీలో గాని పెట్టరాదు. వేడికిని తేమకును ఈ మాత్ర బలము తగ్గును.